వాన పడితే ఏ క్లాసుకి ‘అయ్యో’ అంటావు?

ప్రశ్న: మేడం గారూ, మాది విజయవాడ పటమట. ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను, నాకు 14 ఏళ్లు. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున్నే అయిదున్నరకి బ్యాడ్మింటన్ కోచింగ్. వారంలో నాలుగు సాయంత్రాలు స్కూలు ఖోఖో టీము ప్రాక్టీసు. బుధ, శనివారాల సాయంత్రం, ఆదివారం పొద్దున కూచిపూడి క్లాసు. అయిదు రోజులు ట్యూషన్. పడుకునేసరికి పదకొండున్నర, లేచేది పావుతక్కువ అయిదుకి. సోషల్ క్లాసులో నిద్రపోయి రెండుసార్లు నిలబడ్డాను. ఈమధ్య మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప కింద నొప్పి వస్తోంది, ఇంట్లో చెప్పలేదు. వచ్చే జూన్‌లో టెన్త్ కాబట్టి దసరా నుంచే అన్నీ ఆపేయమంటోంది అమ్మ. నాన్నేమో బ్యాడ్మింటన్ ఒక్కటే ఉంచుకోమంటున్నారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్స్ ముందర మానేస్తే ఊరుకోనంటున్నారు డ్రిల్ సార్. కూచిపూడి టీచర్ గారు సర్టిఫికెట్ పరీక్షకి ఫీజు కట్టమంటున్నారు. నాకు మూడూ ఇష్టమే. దేన్ని వదలాలి?
– ఒక విద్యార్థిని, విజయవాడ

జవాబు:

అమ్మాయ్, దేన్ని వదలాలన్నది తర్వాత చూద్దాం. మోకాలి నొప్పి ఇంట్లో చెప్పలేదని రాశావే, ముందు ఆ సంగతి ఇవాళ రాత్రి అన్నాల దగ్గర చెప్పెయ్. నోరు రాకపోతే ఈ జవాబు అమ్మ ముందు పెట్టు, ఆవిడే చదువుకుంటుంది.

ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెబితే తెల్లారేసరికి అన్నీ బంద్ అంటారని నీ భయం. నేనూ అలాగే దాచాను. నీ వయసులో ఖోఖో ఆడేదాన్ని, లాంగ్‌జంప్ దూకేదాన్ని, అది చాలనట్టు స్కూలు వార్షికోత్సవం వస్తే డాన్సులో ముందు వరస నాదే. మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టి పైన పరికిణీ కప్పేసేదాన్ని. మా స్కూల్లో ఆటలు నేర్పే సారుకి ఒకసారి ధైర్యం చేసి చెబితే, ‘అదే పోతుందిలే’ అన్నారు. పోలేదు. జిల్లా పోటీల రోజు పొద్దున బస్సు మెట్టు ఎక్కలేకపోయాను. ఆ ఏడాదంతా గ్రౌండు గట్టు మీద కూర్చుని అందరి చెప్పులకీ, మంచినీళ్ల మరచెంబులకీ కాపలా కాశాను. తర్వాత ముప్పై ఏళ్లు పీఈటీగా, అంటే ఆటల టీచరుగా పనిచేసినప్పుడు, నొప్పి దాచే పిల్లని నడక చూసి పట్టుకునేదాన్ని. దొంగ దారి దొంగకే తెలుస్తుంది కదా.

నీ మోకాలు చూడకుండా దానికి జబ్బు పేరు పెట్టను, ఎముకల డాక్టరు చూడాల్సిందే. కాకపోతే గెంతే ఆటలాడే ఎదిగే పిల్లల్లో చిప్పకి రెండు వేళ్ల కింద, ఎముక మీద నొప్పి రావడం, చిన్న బొడిపెలా లేవడం నేను చాలా చూశాను. ఆ వయసులో ఎముక గబగబా పొడుగవుతుంది. తొడ కండరం అంత తొందరగా సాగదు. ప్రతి గెంతుకీ అది ఎముక మీద తన అతుకుని లాగుతూ ఉంటుంది. గెంతులు తగ్గించి, డాక్టరు చెప్పిన వ్యాయామాలు చేస్తే చాలామందికి తగ్గిపోతుంది. మొండికేసి ఆడితే నెలల తరబడి సాగుతుంది. మోకాలు వాచినా, రాత్రి నిద్రలో నొప్పి లేపినా, మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకపోయినా, కాలు మోపలేకపోయినా ఆదివారం దాకా ఆగొద్దు. నొప్పి మాత్ర వేసుకుని కోర్టులోకి దిగే పని మాత్రం పెట్టుకోకు.

ఇక్కడ నీ ఇంట్లోవాళ్లూ కోచ్‌లూ ఎవరూ చూడని సంగతి ఒకటుంది. రకరకాల ఆటలు ఆడటం పిల్లలకి మంచిదనే పిల్లల వైద్యులు చెబుతారు. చాలా ఆటల్లో 15, 16 ఏళ్లు వచ్చేదాకా ఒక్కదానికే అతుక్కోవద్దని కూడా అంటారు. దానికి ఒక కారణం, ఆట మారితే శరీరంలో బరువు పడే చోటు కూడా మారుతుందని. మరి నీ మూడూ చూడు. బ్యాడ్మింటన్‌లో నెట్ దగ్గర పడే షటిల్ కోసం ఒక కాలు ముందుకి చాచి మోకాలి మీద వాలతావు, స్మాష్ కొట్టి ఎక్కువగా రెండో కాలి మీద దిగుతావు. ఖోఖోలో గొంతుక్కూర్చున్నదానివి ఒక్క ‘ఖో’ వినపడగానే బాణంలా లేస్తావు, పోల్ పట్టుకుని గిర్రున తిరుగుతావు. కూచిపూడిలో గంటన్నర అరమండి, అంటే మోకాళ్లు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం, ఆ భంగిమలోనే పాదాలు నేలకేసి కొట్టాలి. అపార్టుమెంట్లో నడిచే క్లాసయితే నేల టైల్స్ అయి ఉంటుంది. పేరుకి మూడు విద్యలు, మోసేవి మాత్రం ఆ రెండు మోకాళ్లే! అదే నువ్వు ఖోఖో బదులు ఈత నేర్చుకుంటూ ఉంటే నీ ఉత్తరానికి వేరే జవాబు రాసేదాన్ని.

ఇప్పుడు గంటల లెక్క. నువ్వు రాసిన టైంటేబులు నేను కాగితం మీద వేసి చూశాను. ఖోఖో, డాన్సు ఒక్కోటి గంటన్నర అనుకున్నాను, అటూ ఇటూ అయితే నువ్వే సరిచేసుకో. బ్యాడ్మింటన్ 9 గంటలు, ఖోఖో 6, కూచిపూడి నాలుగున్నర, మొత్తం పంతొమ్మిదిన్నర. స్కూలు రోజుకి 8 చొప్పున 48. ట్యూషన్ ఏడున్నర. నీ వయసు పిల్లలకి రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలంటారు, ఎనిమిదిన్నరే వేసుకుందాం, వారానికి యాభై తొమ్మిదిన్నర. కోర్టుకీ స్కూలుకీ డాన్సుకీ తిరగడానికి 11 గంటలు వేశాను, బెంజ్ సర్కిల్ దాటాల్సిన రోజుల్లో ఇదీ చాలదు. స్నానం, తిండి, జడ, యూనిఫారం రోజుకి 2 గంటలు, వారానికి 14. వారంలో ఉన్నవి 168 గంటలు. ఇవన్నీ తీసేస్తే మిగిలింది ఎనిమిదిన్నర, అంటే రోజుకి గంటా పావు కూడా లేదు. హోంవర్కు, చదువు, టీవీ, ఫోను, చెల్లితో పోట్లాట అన్నీ అందులోనే కానివ్వాలి.

అది చాలక నువ్వు నిద్రలోంచి తీసుకుంటున్నావు. పదకొండున్నర నుంచి పావుతక్కువ అయిదు అంటే అయిదుంపావు గంటలు. రోజూ మూడుంపావు గంటలు బాకీ పడుతున్నావు, ఆ బాకీ సోషల్ క్లాసులో వసూలవుతోంది. పాపం ఆ టీచరు పాఠం తప్పేమీ లేదు. టీనేజీలో నిద్ర వచ్చే వేళే సహజంగా కాస్త వెనక్కి జరుగుతుంది, తొమ్మిదింటికే పడుకోమంటే నీ వల్ల కాదు. కాబట్టి సర్దుకోవాల్సింది పొద్దుటి వేళే.

ఇంకో మోటు లెక్క ఉంది. శిక్షణతో ఆడే ఆటల గంటలు వారానికి పిల్లల వయసుని దాటితే దెబ్బలు పెరుగుతున్నాయని అమెరికాలో ఆటల వైద్యులు గమనించారు. నీకు 14. బ్యాడ్మింటన్, ఖోఖోలతోనే 15 అయ్యాయి, కూచిపూడి ఒంటికి ఆటకన్నా తక్కువేం కాదు. పైగా వారంలో కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఉండాలి, నీకేమో ఆదివారం కూడా గజ్జెలే.

ఇన్ని తెలిసీ ‘ఒకటి మానెయ్’ అనడం లేదు నేను. మన బ్యారేజీ దగ్గర మొదలై ఊళ్లోంచి పారే కాలవలు చూస్తూనే ఉంటావుగా, ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. నీళ్లు తక్కువైన ఏడు ఏ కాలవనీ పూడ్చేయరు, వంతులు వేసి వదులుతారు. ఈ వంతు నీది, వచ్చే వంతు పక్కవాడిది. మీ తాతగారి తరంలో ఎవరన్నా చివరి భూముల్లో వ్యవసాయం చేసి ఉంటే అడుగు, వంతు రాకముందు గట్టు మీద కాపలా పడుకున్న కథలు చెబుతారు. నీ నలుగురు పెద్దవాళ్లూ ఇప్పుడు మొత్తం నీళ్లు తమ చేలోకే అనుకుంటున్నారు. ఎవరి వంతు ఎప్పుడో వాళ్లకి ఎవరూ చెప్పలేదు మరి.

డాక్టరు సరేనన్నాక నీ వంతులు ఇలా వేస్తాను. సెలక్షన్స్ అయ్యేదాకా ఖోఖో నాలుగు సాయంత్రాలూ ఉంచు. ఆ వారాల్లో బ్యాడ్మింటన్ రెండు పొద్దుళ్లు, కూచిపూడి శనివారం ఒక్కటే. మొత్తం పదిన్నర గంటలు. సెలక్షన్స్ అయిపోయాక బ్యాడ్మింటన్ నాలుగు పొద్దుళ్లు, కూచిపూడి రెండు సాయంత్రాలు, ఖోఖో వారానికి ఒక్కసారి సరదాకి. అదీ పదిన్నరే. ఆదివారం రెండింట్లోనూ ఖాళీ. కోర్టు లేని పొద్దుళ్లు ఆరున్నర దాకా పడుకో, కోర్టు ఉన్న ముందు రాత్రి పదికల్లా లైటు ఆర్పెయ్. కూచిపూడి సర్టిఫికెట్ పరీక్ష ఈ ఏడు వద్దు, టెన్త్ అయ్యాక కట్టవచ్చు. అడుగుల్లో దమ్ము రావాలంటే ముందు మోకాలు బాగుండాలని మీ టీచర్ గారికి నాకన్నా బాగా తెలుసు.

సెలక్షన్స్ గురించి మరీ కంగారు పడకు. నువ్వు ఆడేది అండర్-17. నీకు 14 ఏళ్లే కాబట్టి వచ్చే ఏడూ ఆ విభాగంలోనే ఉంటావు, ఇంటర్లో అండర్-19 ఉంది. ఈసారి డాక్టరు వద్దంటే మానుకో, తలుపులేమీ మూసుకుపోవు.

ఇక మూడూ ఇష్టమే అన్నావు. నమ్ముతాను, కానీ మూడూ ఒక్కలాగే ఇష్టం అంటే నమ్మను. దానికి నా దగ్గరో పాత పరీక్ష ఉంది. జోరున వాన పడి ఇవాళ క్లాసు లేదని ఫోనొచ్చింది. దేనికి ‘అమ్మయ్య’ అంటావు, దేనికి ‘అయ్యో’ అంటావు? తలతో ఆలోచించి చెప్పకు. ఈ వానాకాలం అయ్యేలోపు నిజంగానే నాలుగైదుసార్లు క్లాసులు ఆగుతాయి, నోట్లోంచి ముందు ఏ మాట వచ్చిందో క్యాలెండర్ మీద రాసుకో. ఒకమ్మాయి నా దగ్గర వాలీబాల్ ఆడేది, మంచి ప్లేయరు, కప్పులు కూడా తెచ్చింది. ఈ పరీక్ష పెడితే రెండు నెలల్లో వాలీబాల్‌కి అన్నీ ‘అమ్మయ్య’లే వచ్చాయి. కప్పులు చూసి మేమందరం ఆ పిల్లకి ఆటంటే ప్రాణం అనుకున్నాం. నైపుణ్యం ఉన్నదీ ప్రాణం ఉన్నదీ ఒకటే అవ్వాలని లేదు.

నాన్నగారికి ఒక మాట. ‘ఒక్కటే పట్టుకో, పైకొస్తావు’ అనే మాటకి మన ఊరి పిల్లే జవాబు. వెన్నం జ్యోతి సురేఖ పేరు వినే ఉంటారు. నాలుగేళ్ల వయసులో కృష్ణలో 5 కిలోమీటర్లు ఈది పేరు తెచ్చుకుంది. ఈత పిల్ల అనే అందరూ అనుకున్నారు. తర్వాత విల్లు పట్టింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ విల్లుతోనే 3 స్వర్ణాలు కొట్టింది, మధ్యలో ఇంజినీరింగూ చదివింది. మొదట చేతికొచ్చిన ఆటే చివరిదాకా ఉండాలని ఎక్కడా లేదు. పుల్లెల గోపీచంద్‌కి చిన్నప్పుడు క్రికెట్ మీద మోజు, అన్నగారి మాట మీద రాకెట్ పట్టారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. ఇవి చూసి మీ అమ్మాయి కూడా అంత అవుతుందని నేను చెప్పను. అవ్వకపోయినా ఆడవచ్చు, ఆ మాట ఎవరూ అనరేంటో!

అమ్మకి మాత్రం నేను కొంచెం ఎదురు చెబుతాను. అమ్మా, దసరా నుంచే ఆపించడం అంటే టెన్త్ పరీక్షలకి ఏడాదిన్నర ముందే ఆపించడం. రోజూ చెమట పట్టే పిల్లని హఠాత్తుగా కుర్చీలో కూర్చోబెడితే మిగిలిన గంటలన్నీ పుస్తకంలోకి పోవు. ఎక్కడికి పోతాయో మీ ఇంట్లో ఫోను చార్జింగు పెట్టే చోట తెలుస్తుంది. టెన్త్‌లో డిసెంబరు దాకా పైన చెప్పిన పదిన్నర గంటల్ని ఎనిమిదికి తగ్గించండి. జనవరి నుంచి పరీక్షలయ్యేదాకా పోటీలు వద్దు, ట్యూషన్ పెరిగినా పెరగనివ్వండి, కానీ వారానికి మూడు పొద్దుళ్లు నలభై నిమిషాల షటిల్ మాత్రం తీసేయకండి. మార్కులు పడిపోతే అన్న షరతు పెట్టుకోండి, తప్పులేదు. ఏ పరీక్షలో ఎంతకి తగ్గితే ఏది తగ్గిస్తారో ముందే అమ్మాయితో కూర్చుని రాసుకోండి. మార్కులొచ్చాక కోపంలో వేసే షరతుని పిల్లలు శిక్ష కింద లెక్కేస్తారు.

నువ్వు పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి గురించి. వాట్సాప్‌లో మెసేజీ పెట్టి ఊరుకోకు. పైన రాసిన వంతుల్ని ఒక తెల్లకాగితం మీద నెలల వారీగా రాయి, నలుగురికీ అదే కాగితం చూపించు. డ్రిల్ సార్‌తో, ‘సార్, సెలక్షన్స్ దాకా నాలుగు సాయంత్రాలూ వస్తాను, తర్వాత శుక్రవారం ఒక్కరోజే వస్తాను, ఈ మాట ఇప్పుడే చెబుతున్నాను’ అను. టీము కట్టే మనిషికి చివరి నిమిషంలో తెలిస్తేనే కోపం, ముందు తెలిస్తే ఇంకో పిల్లని తయారుచేసుకుంటాడు. నాకూ అంతే ఉండేది. బ్యాడ్మింటన్ కోచ్‌తో నాన్న మాట్లాడాలి, ఫీజు కట్టేది ఆయన కాబట్టి నాలుగు రోజులకి ఎంతో కూడా అక్కడే తేల్చుకుంటారు. కూచిపూడి టీచర్ గారి దగ్గరికి అమ్మని తీసుకుని వెళ్లు, కాళ్లకి దండం పెట్టి మోకాలి సంగతి చెప్పు. ఆవిడ నొచ్చుకోవచ్చు. నొచ్చుకోనీ. ఆ నెలల్లో క్లాసుకి వెళ్లి కూర్చుని అభినయం, హస్తాలు, తాళం చేస్తానని అడుగు, అవి మోకాళ్లతో పని లేనివే. ఒప్పుకోని గురువుని నేనింకా చూడలేదు.

తిండి సంగతి రెండు ముక్కలు. పరగడుపునే కోర్టుకి వెళ్లకు, ఒక అరటిపండు, నానబెట్టిన వేరుశనగ గుళ్లు గుప్పెడు. వచ్చాక ఇడ్లీ అయినా పెసరట్టయినా, పక్కన గుడ్డు. సాయంత్రం ఖోఖోకి ముందు క్యారేజీలో వేరుశనగ ఉండో నువ్వుండో పెట్టించుకో, ఉప్పేసిన మజ్జిగ సీసా ఒకటి. తోటకూర, రాగిజావ వారంలో వీలైనన్నిసార్లు, అన్నం తిన్న వెంటనే టీ వద్దు, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. ఇంకోటి అమ్మతో మాట్లాడుకో: ఆటలు ఎక్కువై తిండి చాలని ఆడపిల్లల్లో నెలసరి ఆగిపోవచ్చు. మూడు నెలలు రాకపోతే ‘హాయిగా ఉందిలే’ అనుకోకుండా డాక్టరుకి చెప్పాలి. ఎముకలు గట్టిపడే వయసిది. వేసవి సెలవుల్లో సంబరపడి పొద్దునా సాయంత్రం కోచింగులు పెట్టించుకుంటారు పిల్లలు, రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండల్లో ఎనిమిది దాటాక బయట ఏ ప్రాక్టీసూ వద్దు.

చదువు ఎలా చదవాలో నేను చెప్పను, నేను చెప్పింది విని నా కొడుకే బాగుపడలేదు.

చివరగా, అమ్మానాన్నలతో ఈ ఏడాదే మాట్లాడుకోవాల్సింది ఇంకొకటి ఉంది. టెన్త్ అయ్యాక ఇంటర్. మన ఊళ్లో మూడంతస్తుల భవనంలో నడిచే కాలేజీలున్నాయి, ఆట స్థలమంటే సెల్లార్‌లో బండ్లు పెట్టే చోటే. పిల్లలు ఆటలు మానేసేది టెన్త్ వల్ల అనుకుంటాం గానీ నేను చూసినవాళ్లలో ఎక్కువమంది మానేసింది ఆ గేటు దగ్గరే. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఏసీ గదులు, ర్యాంకుల ఫ్లెక్సీలు చూపిస్తారు. నాన్న పక్కన నిలబడి గ్రౌండు ఎక్కడుందని నువ్వే అడుగు. ఎస్‌జీఎఫ్‌కి పిల్లల్ని పంపుతారా, పోయినేడు ఎవర్ని పంపారు అని కూడా అడుగు.

వంతుల కాగితం తయారయ్యాక ఒక నకలు నాకు పంపించు. దానికన్నా ముందు డాక్టరు ఏమన్నారో రెండు ముక్కలు రాయి, ఈ వారంలోనే.